లేని సినిమాకి ఒక పాయింటు

‘పావు తక్కువ ఆరు’ అనే సినిమా లేదు. దాన్ని ఎవరూ తీయలేదు, అది ఏ హాల్లోనూ ఆడలేదు, ఏ టీవీలోనూ రాలేదు. ఈ సంగతి ప్రపంచం మొత్తం మీద తనొక్కడికే తెలుసని లిఫ్ట్ మెకానిక్ నాలుగు నెలలుగా అనుకుంటున్నాడు. ఈ నాలుగు నెలల్లో ఆ సినిమాకి ఒక మంచి పాట, ఒక పత్రికలో సమీక్ష, చెప్పుకోదగ్గ అభిమానులు సమకూరారు. అతను సమకూర్చింది మాత్రం ఒక నిచ్చెన, ఒక గడియారం, ఒక గిన్నెడు పాలు. మిగతాదంతా మిత్రుల చలవ.

మొదటి నుంచీ చెప్పుకోవాలి. పాతికేళ్ల కిందట ఒక మూడంతస్తుల ఇంట్లో నలుగురు తలో గదిలో అద్దెకుండేవాళ్లు. పై అంతస్తులో మెకానిక్, అతని పక్కగదిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మిత్రుడు. ఇతన్ని అప్పటి నుంచి ఇప్పటిదాకా అందరూ ల్యాబ్ అనే పిలుస్తారు. మధ్య అంతస్తులో కొత్తగా కాలేజీలో చేరిన లెక్చరర్. కింద పోస్టాఫీసులో పనిచేసే అక్క. టీవీ ఉన్నది అక్క గదిలో కాబట్టి మిగతా ముగ్గురూ సాయంత్రమైతే అక్కడే పడుండేవాళ్లు. మీ గదులకి పొండర్రా అని కొన్నాళ్లు చెప్పి చూసి, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, చివరికి అక్క వాళ్లకోసం ఒక చాప కొంది.

తర్వాత ఎవరి ఉద్యోగం వాళ్లని తలో ఊరికీ ఈడ్చుకుపోయింది. ఫోన్లలో మొహాలు చూసుకునే రోజులొచ్చాక మళ్లీ నలుగురూ ఒకచోట చేరారు. ప్రతి ఆదివారం నాలుగింటికి ఆట. ఒకరు సినిమాలోదో సీరియల్లోదో ఒక సీను చెప్పాలి. హీరో పేరు చెప్పకూడదు, కథ చెప్పకూడదు, కళ్లకి కనబడేది మాత్రమే చెప్పాలి. పేరు కనిపెట్టినవాళ్లకి రెండు పాయింట్లు, చెప్పినవాళ్లకి ఒకటి. ఎవరూ కనిపెట్టలేకపోతే చెప్పినవాళ్లకి సున్నా.

ఆటన్నాక పద్ధతి ఉండాలని లెక్చరర్ మొదటివారం ఐదు నియమాలు రాశాడు. ఇప్పుడవి ఇరవై మూడు. చాటుగా ఎవరూ ఫోనులో వెతక్కుండా ఆట సాగినంతసేపూ రెండు చేతులూ తెర మీద కనబడాలన్నది నాలుగోది. అందుకని ఆదివారం పూట నలుగురు పెద్దమనుషులు పోలీసులకి దొరికిపోయినట్టు చేతులెత్తుకుని కూర్చుంటారు. టీ తాగాలంటే అడిగి తాగాలి. వరుసగా మూడు వారాలు సున్నా వచ్చినవాళ్లు ఏడాదిపాటు పక్కన కూర్చోవాలన్నది తొమ్మిదోది. ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఆట గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదన్నది పన్నెండోది. లేని సినిమా చెప్పినవాళ్లూ, దాన్ని కనిపెట్టినవాళ్లూ, అవునవును ఉందని వంత పాడినవాళ్లూ శాశ్వతంగా ఆటకి దూరం అన్నది పదిహేడోది. ఈ పదిహేడోది రాసినప్పుడు మెకానిక్కే నవ్వాడు. లేని సినిమా ఎవడు చెప్తాడు మాస్టారూ అన్నాడు.

ఇప్పుడు అతని సంగతి. లిఫ్టులు బాగుచేసేవాడికి రోజంతా చీకటి గోతిలోనో, మేడ మీద మోటారు గదిలోనో పని. మనుషులు అతనితో మాట్లాడే మాట ఒక్కటే, ఇంకా ఎంతసేపు. భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ దిగే వేళకి ఇతను ఎక్కుతాడు. వాళ్లిద్దరూ ఎక్కువగా ఫ్రిజ్ తలుపు మీద చీటీలతో కాపురం చేస్తున్నారు. అన్నం కుక్కర్లో ఉంది. గ్యాస్ చెప్పాను. రేపు నాది పగలు. ఆదివారం ఆమెకి ఎప్పుడూ పగలే. అందుచేత ఆదివారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా తప్ప అతని వారంలో నిదానంగా ఒక మనిషితో మాట్లాడిన గంట లేదు. ఈ మాట అతను ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రెండు గంటలు పోతే తనకేమవుతుందో అతనికి బాగా తెలుసు.

అలాంటివాడు ఆటలో వెనకబడటానికి కారణం కూడా ఆ ఉద్యోగమే. సినిమా కూర్చుని చూసి ఏళ్లయింది. రిపేరుకి వెళ్లినచోట తెరిచి ఉన్న తలుపుల్లోంచి జనాల టీవీలు కనబడతాయి. మూడో అంతస్తులో ఒక ఫైటు మొదలు, ఐదో అంతస్తులో ఒక ఏడుపు చివర. పేర్లు తెలియవు. ఒకాయన రైలు దిగుతాడు, అంతే తెలుసు, అనేవాడు. అలా రెండు వారాలు వరసగా సున్నా వచ్చింది.

మూడోవారానికి అతను తెలివిగా ఒక సీను తయారుచేసుకున్నాడు. పేరుతో సహా కనుక్కుని, రెండుసార్లు అద్దంలో చెప్పి చూసుకున్నాడు. అతనిది ఎప్పుడూ ఆఖరి వంతు. అతనికంటే ముందు అక్క వంతు వచ్చింది. అక్క నోరు తెరిచి సరిగ్గా అదే సీను చెప్పింది. ల్యాబ్ క్షణంలో పేరు చెప్పేశాడు.

“ఇక నువ్వు చెప్పాలి,” అన్నాడు లెక్చరర్.

మెకానిక్ చేతులెత్తుకుని గదంతా చూశాడు. గోడకి నిచ్చెన ఆనించి ఉంది. ఫ్రిజ్ మీద రెండు నెలల కిందటి చీటీ ఉంది. ‘హాల్లో గడియారం ఆగింది. నిచ్చెన నీ దగ్గరే ఉంటుంది కదా.’ వంటగదిలో తను స్టవ్ మీద పెట్టి మరిచిపోయిన పాల వాసన వస్తోంది.

“ఒకాయన నిచ్చెనెక్కి గోడ గడియారం సరిచేస్తుంటాడు,” అన్నాడు. “కింద భార్య నిచ్చెన పట్టుకుని ఉంటుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోరు. ఇంతలో పాలు పొంగే చప్పుడవుతుంది. ఆవిడ నిచ్చెన వదిలేసి లోపలికి పరిగెడుతుంది. ఆయన గడియారం పట్టుకుని అలాగే పైన ఉండిపోతాడు.”

అక్క కళ్లు మూసుకుని ఆలోచించింది. లెక్చరర్ సున్నా వేయడానికి పెన్ను తీశాడు. పెన్ను పట్టుకున్న చేయి కూడా తెర మీద కనబడుతూనే ఉంది, నియమం నియమమే కదా.

“పావు తక్కువ ఆరు,” అన్నాడు ల్యాబ్.

“ఏంటది?” అన్నాడు లెక్చరర్.

“సినిమా పేరు. ‘పావు తక్కువ ఆరు’. రెండు వారాలే ఆడింది. నేను చూశాను.”

“కరెక్టా?” అని లెక్చరర్ మెకానిక్‌ని అడిగాడు.

“కరెక్ట్,” అన్నాడు మెకానిక్. ల్యాబ్‌కి రెండు, అతనికి ఒకటి. గండం గడిచింది. లోపల పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది.

ఆ రాత్రికల్లా అతనికి ఒక విషయం తేటతెల్లమైంది. ల్యాబ్ కోతలు కోస్తున్నాడు. అద్దె గదుల రోజుల్లో కూడా వాడంతే, ఏ సినిమా పేరెత్తినా మొదటి రోజు చూసేశాననేవాడు. యాభై దగ్గరపడినా బుద్ధి మారలేదు. మెకానిక్‌కి మిత్రుడి మీద జాలేసింది. పాపం, నలుగురిలో పరువు పోకూడదు, ఈ రహస్యం నా కట్టె కాలేదాకా నాతోనే ఉంటుంది అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడు తనకి తాను కొంచెం గొప్పవాడిలా కూడా అనిపించాడు.

చిక్కల్లా ఏమిటంటే సినిమా అక్కడితో ఆగలేదు. తర్వాతి వారం అక్క, “అందులో ఒక పాట ఉంటుంది కదా, మెల్లిగా సాగుతుంది, వారమంతా నోట్లో అదే ఆడుతోంది,” అంది. ఆ పైవారం లెక్చరర్ కళ్లజోడు తుడుచుకుంటూ, “దాని సమీక్ష నేను చదివాను. నిదానంగా ఉన్నా నిజాయితీగా ఉందని రాశాడు,” అన్నాడు. లెక్చరర్ అబద్ధం ఆడడు. అక్క అసలే ఆడదు. మెకానిక్ హడలిపోయి ఫోనులో ఇరవై రకాలుగా వెతికాడు. అలాంటి సినిమా దొరకలేదు. ఒకరోజు గుమ్మంలో ఎదురుపడ్డ భార్యని అడిగాడు, ఎప్పుడైనా చూశావా అని.

“చూసే ఉంటాను,” అంది ఆమె చెప్పులు విప్పుతూ. “డ్యూటీ దిగొచ్చాక ఏది పెట్టినా సగం దాకానే నాకు తెలుసు. చివర్లో ఏమైంది?”

“నాకూ తెలీదు,” అన్నాడతను. అది నిజం.

నాలుగో నెలలో లెక్చరర్‌కి ఒక ఆలోచన వచ్చింది. నలుగురికీ ఇంత ఇష్టమైన సినిమా కదా, వెతికి పట్టుకుని ఒక ఆదివారం అందరం కలిసి చూద్దాం అన్నాడు. ఆయన ఏదైనా పట్టుకుంటే వదిలే మనిషి కాదు. పాత సినిమాలు దాచుకునేవాళ్లకి ఉత్తరాలు రాశాడు. మూడు వారాల తర్వాత ఆట మొదట్లోనే, “ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురూ అలాంటి సినిమా లేదంటున్నారు. వచ్చే ఆదివారం ఆట ఉండదు, దీని మీద విచారణ ఉంటుంది. అందరూ పదిహేడో నియమం ఒకసారి చదువుకుని రండి,” అన్నాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. కోపం వల్ల అనుకున్నారు అందరూ.

మెకానిక్ నాలుగు రోజులు ఆలోచించాడు. ఆ నాలుగు రోజుల్లో రెండు లిఫ్టులకి తలుపులు తిరగేసి బిగించాడు. నోరు విప్పకపోతే తనూ పోతాడు, ల్యాబూ పోతాడు. విప్పితే తను పోవడం ఖాయం, ల్యాబ్ పరువు కూడా పోతుంది. ముందు వాడికి చెప్పాలి. ఫోను చేస్తే పన్నెండో నియమం అడ్డం. మనిషిని చూడటానికి వెళ్లకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదు. గురువారం తెల్లవారి బస్సెక్కి మూడు గంటల దూరంలో ఉన్న ల్యాబ్ ఊరికి వెళ్లాడు.

పరీక్షల కోసం జనం బారులు తీరి కూర్చున్నారు. అందరి మోచేతులూ పైకి మడిచి ఉన్నాయి. రక్తం తీసే ఆయన్ని కలవాలని అడిగితే కౌంటర్లో అమ్మాయి తల కూడా ఎత్తకుండా, “ఏ పరీక్షో చెప్పండి,” అంది. షుగర్ అన్నాడు. ముప్పై ఏడో నంబరు చీటీ ఇచ్చింది. ముప్పై ఏడు వచ్చేసరికి గంటన్నర పట్టింది.

ల్యాబ్ తెల్లకోటులో చిన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మెకానిక్‌ని చూసి ఆశ్చర్యపోలేదు. చీటీ తీసుకుని చదివాడు.

“ఏమీ తినకుండా వచ్చావా?”

“బస్టాండులో టీ తాగాను.”

“మరి షుగర్ ఎందుకు రాయించావు?”

“ఏదో ఒకటి రాయించకపోతే నిన్ను చూడనివ్వరట.”

ల్యాబ్ అతని చేతికి రబ్బరు గొట్టం బిగించి కట్టాడు. “పిడికిలి బిగించు.”

మెకానిక్ బిగించాడు. బస్సులో మూడు గంటలు సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. “ఆ సినిమా లేదురా,” అన్నాడు.

“తెలుసు. కదలకు.”

సూది దిగింది. మెకానిక్ కదల్లేదు. సీసాలోకి రక్తం ఎక్కుతుంటే ఇద్దరూ దాన్నే చూశారు.

“తెలిసి ఎందుకు చెప్పావు మరి?”

“మూడోవారం కదా అది. సున్నా వస్తే నిన్ను ఏడాది కూర్చోబెట్టేసేవాళ్లు. పిడికిలి వదులు.” ల్యాబ్ దూది పెట్టి అతని మోచేయి మడిచాడు. “నువ్వు ఏం చెప్పాలో తెలీనప్పుడు గదంతా చూస్తావు. నీ వెనకాల గోడమీద గడియారం పావు తక్కువ ఆరు చూపిస్తోంది. అప్పటికే రెండు నెలల్నించీ అంతే చూపిస్తోంది. అదే చెప్పాను.”

ఆ గడియారం ఎక్కడ ఆగిందో మెకానిక్ ఏనాడూ చూడలేదు. ఆగిందని తెలిశాక ఇంక చూడటం దేనికి. ఇన్నాళ్లూ తను ఎవడి పరువు కాపాడుతున్నాననుకున్నాడో వాడు తనని కాపాడాడు. అతనికి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే చెప్పలేనంత సంతోషం వేసింది. ఏ పక్కకి తిరగాలో తెలియక గోడమీద రక్తం గ్రూపుల పట్టిక చదివాడు.

“ఆదివారం నేను చెప్పేస్తాను,” అన్నాడు. “నువ్వు నిజంగానే పొరబడ్డావని చెప్తాను. నిన్ను వదిలేస్తారు.”

“ముప్పై ఎనిమిది,” అని కేకేశాడు ల్యాబ్. తర్వాత మెల్లిగా, “రిజల్టు సాయంత్రం నాలుగింటికి. ఊరెళ్లిపో,” అన్నాడు.

ఆదివారం నాలుగయ్యేసరికి నాలుగు మొహాలూ ఎనిమిది చేతులూ తెర మీదకి వచ్చాయి. లెక్చరర్ ముందు ఒక కాగితం ఉంది. గొంతు సవరించుకున్నాడు.

“విచారణ అన్నాను. అది మీ మీద కాదు, నా మీద,” అన్నాడు. “మా కాలేజీ లైబ్రరీలో పాత పేపర్లు బైండు చేసి ఉంటాయి. తొమ్మిది సాయంత్రాలు కూర్చుని తిరగేశాను. ఆ సమీక్ష లేదు. కానీ నాకది గుర్తుంది. కుడిచేతి పేజీ, కింద మూల. పక్కన సైకిల్ ప్రకటన. కళ్లకి కట్టినట్టు గుర్తుంది.” కాగితం తిప్పాడు. వెనక ఏమీ రాసి లేదు. “మా నాన్నగారికి యాభై రెండో ఏట మొదలైంది. జరగనివి జరిగినట్టు చెప్పేవారు. చివరికి నన్ను కూడా ఎవరి అబ్బాయివని అడిగేవారు. నాకిప్పుడు యాభై ఒకటి. ఇంట్లో చెప్పలేదు. మీలో ఎవరైనా ఆ సినిమా నిజంగా చూసి ఉంటే చెప్పండి. నాకు భయంగా ఉంది.”

ఆయన అంత మామూలుగా చెప్పాడు కాబట్టి వినడం కష్టమైంది.

మెకానిక్ నోట్లో సిద్ధంగా ఉన్న మాట అక్కడే ఆగిపోయింది. చూశాను మాస్టారూ, ఉంది, అంటే సరిపోతుంది. ల్యాబ్ కాదనడు. తన ఆదివారాలు తనకుంటాయి. మాస్టారు మాత్రం ఆ లైబ్రరీలో ఇంకా తొంభై సాయంత్రాలు కూర్చుంటాడు, దొరకనప్పుడల్లా తండ్రిని తలుచుకుంటాడు. ఉన్నదని చెప్పడం తేలిక. ఎవరికి తేలిక అన్నది అతనికి అర్థమైంది.

“మాస్టారూ, ఆ సినిమా లేదు,” అన్నాడు. “నేను కల్పించాను. అక్క నా సీను చెప్పేసింది, నాకు ఇంకోటి లేదు. మూడో సున్నా వస్తే మీరు నన్ను కూర్చోబెడతారని భయమేసింది. ఈ రెండు గంటలు తప్ప నాకు మాట్లాడే మనుషులు లేరు. అందుకని అబద్ధం చెప్పాను.” ఊపిరి తీసుకున్నాడు. “మీకు మతిమరుపు కాదు. మీరు నన్ను నమ్మారు. నేను ఉందన్నాను కాబట్టి ఉందనుకున్నారు, ఉందనుకున్నాక చదివినట్టు గుర్తొచ్చింది. అంతే మాస్టారూ. తప్పు నాది.”

“పేరు పెట్టింది నేను,” అన్నాడు ల్యాబ్. “వాడి వెనక గడియారం చూసి.”

లెక్చరర్ కళ్లజోడు పైకెత్తుకుని తెరకి దగ్గరగా వంగాడు. మెకానిక్ పక్కకి జరిగాడు. గోడమీద గడియారం పావు తక్కువ ఆరు చూపించింది. లెక్చరర్ చాలాసేపు దాన్నే చూశాడు. ఆయన రెండు చేతులూ మెల్లిగా కిందికి దిగి తెర మీంచి మాయమయ్యాయి. ఇన్నేళ్లలో అది మొదటిసారి. నాలుగో నియమం ఎవరూ గుర్తుచేయలేదు.

“మరి సైకిల్ ప్రకటన?” అన్నాడు.

“అది నిజమే అయ్యుంటుంది మాస్టారూ. ఇంకేదో సినిమా పక్కన,” అన్నాడు ల్యాబ్.

“నాకు మాత్రం పాట ఇప్పటికీ వస్తోంది,” అంది అక్క. “లేని సినిమాలో పాట నాకెక్కణ్నించి వచ్చిందో మీరే చెప్పాలి. నా తల బాగానే ఉంది. నిన్నటిదాకా చేసిన మనియార్డర్లన్నీ సరిపోయాయి.” ఇలా అని రెండు చరణాలకి సరిపడా కూనిరాగం తీసింది. మాటలు లేవు, మెల్లిగా సాగుతుంది. బావుంది.

లెక్చరర్ అది ఆఖరిదాకా విన్నాడు. ఆయన భుజాలు రెండంగుళాలు కిందికి దిగాయి. ఆ తర్వాత, అలవాటైన మనిషి కాబట్టి, నియమాల కాగితం తీశాడు.

“పదిహేడో నియమం ప్రకారం చెప్పినవాళ్లు శాశ్వతంగా దూరం.”

“తెలుసు మాస్టారూ,” అన్నాడు మెకానిక్. ఫోను కట్ చేయడానికి వేలు చాపాడు.

“ఆగు, పూర్తిగా చదవనీ. కనిపెట్టినవాళ్లు కూడా. అంటే ల్యాబ్. ఉందని వంత పాడినవాళ్లు కూడా. అంటే అక్క. తర్వాత నేను.” లెక్చరర్ లెక్క ఇంకోసారి చూసుకున్నాడు. “నలుగురం. ఇక ఆట లేదు.”

ఎవరూ ఫోను పెట్టేయలేదు. మెకానిక్ చేయి ఇంకా తెర మీదే ఉంది, దాన్ని ఏం చేయాలో అతనికి తెలియలేదు.

“ఆట లేకపోతే చేతులు దించొచ్చుగా,” అంది అక్క. “నా భుజాలు పడిపోయి ఎన్నాళ్లయిందో మీకేం తెలుసు. ఊరికే కూర్చుందాం. ఆరింటిదాకా నాకేం పని లేదు.”

అందరూ చేతులు దించారు. లెక్చరర్ ఎవరినీ అడక్కుండా టీ తెచ్చుకున్నాడు. ల్యాబ్ మెకానిక్‌తో, నీ షుగర్ అంచులో ఉంది, ఈసారి ఏమీ తాగకుండా రా అన్నాడు. వచ్చేవారం ఎప్పటిలా నాలుగింటికేనా అని మెకానిక్ అడిగాడు. ఎవరూ ఆ ప్రశ్నని ప్రశ్నలా తీసుకోలేదు. అక్క, తమ్ముడూ ముందు నీ వెనకాల గడియారం బాగుచేయి, నాలుగెప్పుడవుతుందో నీకెలా తెలుస్తుంది అంది.

ఆరు దాటాక లెక్చరర్ ఖాళీ కప్పు పక్కన పెట్టాడు. ఏదో అడగాలనీ, అడిగితే బావుంటుందో బావుండదోననీ తటపటాయించాడు.

“ఆ నిచ్చెన మీదాయన,” అన్నాడు, “చివరికి దిగాడా?”

“తెలీదు మాస్టారూ. నేను అక్కడిదాకానే చేశాను.”

“దిగాడు,” అంది అక్క. “పాలు దించేసి ఆవిడ మళ్లీ వచ్చి పట్టుకుంటుంది. పాట అక్కడే వస్తుంది.”

ఎవరూ కాదనలేదు. నలుగురికీ గుర్తొచ్చింది.